టీబీ మందుల మీద థీసిస్: ఎవరినడిగినా "రోజూ వేసుకుంటున్నా" అనే అంటున్నారు, ఏం చేయాలి?

కమ్యూనిటీ_పీజీ
కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ చేస్తున్నాను, రెండో ఏడాది. టీబీ రోగులు మందులు క్రమం తప్పకుండా వేసుకుంటున్నారా, తప్పితే ఎందుకు తప్పుతున్నారు అన్నది నా థీసిస్. సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) పాసయింది, ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా వచ్చింది. మా ఓపీలో పైలట్ మొదలుపెట్టాను. "గత నెలలో ఎప్పుడైనా మాత్రలు మర్చిపోయారా?" అని అడుగుతుంటే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "లేదమ్మా, రోజూ వేసుకుంటున్నా."

ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి స్ట్రిప్ తీసి మరీ చూపించాడు. అంతకుముందు వారం ఇచ్చింది. సగం మాత్రలు అలాగే ఉన్నాయి. అయినా రోజూ వేసుకుంటున్నాననే అన్నాడు. ఫారంలో "క్రమం తప్పలేదు" దగ్గర టిక్కు పెట్టడానికి నాకు చేయి రాలేదు.

మా గైడ్ "ఉన్న ప్రశ్నలతో స్కోరు వేసి, కై స్క్వేర్ అనే గణాంక పరీక్ష చేసి, సబ్మిట్ చెయ్యి, టైమ్ లేదు" అంటున్నారు. ఆయన మాట కాదనలేను. కానీ ఈ లెక్కలతో రాస్తే అది నిజం కాదని నాకు ముందే తెలుసు కదా. ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

స్టాట్స్_శ్రీను
అబద్ధం సంగతి తర్వాత చూద్దాం. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. మీరు అడుగుతున్నది ఓపీకి వచ్చినవాళ్లను. మందులు మానేసినవాడు మీ ఓపీ బెంచీ మీద ఎందుకు కూర్చుంటాడు? మీ శాంపిల్‌లోకి అతను రానే రాడు. ప్రశ్నలు ఎంత బాగా మార్చినా ఇది పోదు.

టీబీ రోగుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదైనవాళ్ల జాబితా నుంచి మొదలుపెట్టండి. జిల్లా టీబీ అధికారి అనుమతితో ఫలానా మూడు నెలల్లో చికిత్స మొదలుపెట్టిన అందరినీ తీసుకుని, ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారో వెతకండి. శాంపిల్ తగ్గినా పర్వాలేదు.

ఛాతీ_డాక్టర్
ఇరవై ఏళ్లుగా ఛాతీ ఓపీ చూస్తున్నాను. సూటిగా చెప్తాను. జనానికి నిర్లక్ష్యం. రెండు నెలలు వేసుకుంటారు, దగ్గు తగ్గుతుంది, బరువు పెరుగుతారు, మానేస్తారు. ఏడాది తిరక్కుండా, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కి లొంగని టీబీతో మళ్లీ వస్తారు. ఇంట్లో చిన్న పిల్లలుంటే వాళ్లకీ అంటిస్తారు. మందులు ఉచితం, పరీక్ష ఉచితం, పైగా డబ్బు కూడా ఇస్తున్నారు. ఇంకేం చేయాలి? థీసిస్‌లో ఇది కూడా రాయండి.

పాలమూరు_బిడ్డ
డాక్టర్ సాబ్, నిర్లక్ష్యం అనకండి. మా చిన్నాయన కథ చెప్తా. నారాయణపేట దిక్కు మా ఊరు. పుణెలో మేస్త్రీ దగ్గర పనికి పోయేవాడు. టీబీ అని తేలినప్పుడు ఊర్లోనే ఉన్నాడు, మందులు ఊర్లోనే మొదలుపెట్టిండ్రు. నెల కాంగనే మేస్త్రీ ఫోన్ మీద ఫోన్. అడ్వాన్సు తీసుకున్నడు కాబట్టి పోక తప్పలేదు. ఒక నెల మందులు చేతికిచ్చిండ్రు. అవి అయిపోయినంక అక్కడ ఏ దవాఖానకు పోవాలో ఆయనకు తెల్వదు. సైట్ల నుంచి పొద్దున ఒక గంట బయటికి పోతే ఆ రోజు కూలి పాయె.

ఇక్కడ కాగితాల మీద ఆయన "మందులు మానేసిన రోగి". ఆయన అడిగింది మాత్రం "అక్కడ మందు ఎవరిస్తరు?" అన్న ఒక్క మాటే.

మండలం_టీబీ
నేను టీబీ యూనిట్‌లో ఎస్టీఎస్‌గా (సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్) చేస్తున్నా. పాలమూరు_బిడ్డ తమ్ముడూ, ఇప్పుడు నిక్షయ్‌లో రోగిని వేరే రాష్ట్రానికైనా ట్రాన్స్‌ఫర్ చేయొచ్చు. నేను చాలామందిని చేశా. కానీ ట్రాన్స్‌ఫర్ చేయాలంటే ముందు పోతున్నానని మాకు చెప్పాలి కదా. రాత్రి బస్సెక్కి పోతారు, తెల్లారి ఆశా పోయి చూస్తే తాళం. ఫోన్ చేస్తే ఆ నంబర్ బావమరిదిది.

ఇంకోటి, కమ్యూనిటీ_పీజీ డాక్టరమ్మా, మా జాబితా పట్టుకుని ఊర్లోకి పోయేటప్పుడు ఏప్రన్ వేసుకోకండి. కాలేజీ బండి ఇంటి ముందు ఆపకండి. బండి ఆగిందంటే వీధి మొత్తానికి తెలుస్తుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో మీకు ఎవరూ నిజం చెప్పరు, మాకు కూడా చెప్పరు.

గోదావరి_పిల్ల
నేను టీబీ మందులు పూర్తిగా వాడి నయమైన దాన్ని. పైన డాక్టర్ గారు "ఇంకేం చేయాలి" అన్నారు కాబట్టి రాస్తున్నాను.

పెళ్లైన ఏడాదిలోపే నాకు టీబీ అని తేలింది. మా ఆయనకి తెలుసు, అత్తగారికి తెలియదు. పొద్దున్నే పరగడుపున మూడు మాత్రలు. మాది చిన్న ఇల్లు, స్ట్రిప్ చించితే చప్పుడు వంటింట్లోకి వినిపిస్తుంది. అందుకని రాత్రే మాత్రలు విప్పి, కాగితంలో చుట్టి, మినప్పప్పు డబ్బాలో పెట్టుకునేదాన్ని. ఖాళీ స్ట్రిప్పులు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆఫీసు దగ్గర పారేసేదాన్ని.

మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వచ్చింది. రక్తం అనుకున్నాను. మందు వల్ల అలా అవుతుందని ఎవరూ చెప్పలేదు. ఆ రోజంతా టెన్షన్‌తో చచ్చాను. మందు మానేద్దామా అనుకున్న మొదటి రోజు అదే. చదువుకున్నదాన్ని కాబట్టి నెట్‌లో వెతికి చూసుకున్నాను. చదువు లేనివాళ్లు ఏం చేస్తారు?

తర్వాత వికారం, కీళ్ల నొప్పులు. ఇడ్లీ పిండి వాసన కూడా పడేది కాదు. అత్తగారేమో శుభవార్త అనుకున్నారు.

మీరు వచ్చి "మాత్రలు మర్చిపోయారా" అని ఆవిడ ముందు అడిగి ఉంటే "ఏ మాత్రలు?" అనేదాన్ని.

మందులషాపు_రాజు
గోదావరి_పిల్ల గారూ, మీ అత్తగారి సంబరం తలుచుకుంటే పాపం అనిపించింది.

మా షాపులో నేను చూసేది చెప్తాను. సొంత ఊరి షాపులో టీబీ మందు ఎవరూ కొనరు. పది కిలోమీటర్లు అవతల నుంచి నా దగ్గరికి వస్తారు, నా పక్క ఊరివాళ్లు ఇంకెక్కడికో పోతారు. 2014 నుంచి టీబీ మందులు షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో ఉన్నాయి, అమ్మితే పేరు, చీటీ రాసిన డాక్టర్ వివరాలు రిజిస్టర్‌లో రాయాలి. రిజిస్టర్ తీయగానే కొందరు "మా బంధువు కోసం" అంటారు.

ఇంకా ముందు సంగతి కూడా ఉంది. టీబీ అని తేలకముందు అదే మనిషి దగ్గు సిరప్ కోసం వారం వారం వస్తాడు. ఒకసారి ఆర్ఎంపీ చీటీ, ఒకసారి ఇంకో క్లినిక్ చీటీ. రెండు వారాలు దాటిన దగ్గుకి గళ్ల పరీక్ష చేయించుకోమని చీటీలో ఎవరూ రాయరు. నేను చెప్తే "నువ్వు డాక్టరువా" అంటారు.

రిటైర్డ్_మాస్టారు
మందులషాపు రాజు చెప్పిన మాట 1963లోనే అచ్చయింది. బెంగళూరు జాతీయ క్షయ సంస్థ తరఫున బెనర్జీ, ఆండర్సన్ కర్ణాటకలోని తుమకూరు జిల్లా పల్లెల్లో ఒక అధ్యయనం చేశారు. పల్లె జనానికి అవగాహన లేదు, దగ్గొచ్చినా ఆసుపత్రికి రారు అని అప్పట్లో అందరి నమ్మకం. వీళ్లు గళ్లలో క్రిములున్న మనుషుల్ని వెతికి పట్టుకుని, నీకు ఒంట్లో బాగోలేదని తెలుసా, తెలిస్తే ఏం చేశావు అని అడిగారు. లక్షణాలు చాలామందికి తెలుసు. సగం మందికి పైగా అప్పటికే ఏదో ఒక వైద్యశాల గడప తొక్కి వచ్చారు. అక్కడ దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు. టీబీ ఉందేమోనని ఎవరూ చూడలేదు.

నేను పీజీలకు చెప్పేటప్పుడు ఈ పేపర్ ముందు చదివించేవాణ్ణి. "రోగి ప్రవర్తన" అని థీసిస్ పేరు పెట్టి రోగిని మాత్రమే అడిగితే సగం విషయం బయటే ఉండిపోతుంది. వైద్యుడి ప్రవర్తన, కాంపౌండరు ప్రవర్తన, కౌంటర్ దగ్గర మనిషి ప్రవర్తన కూడా అందులో భాగమే.

ఇంకో మాట. 1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ సెంటర్ పెట్టి, కొందరికి శానిటోరియంలో (ఉండి వైద్యం తీసుకునే క్షయ ఆసుపత్రిలో), కొందరికి ఇంటి దగ్గరే ఏడాదిపాటు మందులిచ్చి పోల్చారు. ఇంటి దగ్గరున్నవాళ్లు ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నారు. అయినా దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు అంటడం కూడా ఎక్కువ కాలేదు. 1959లో ఆ ఫలితాలు వచ్చాక ప్రపంచమంతా శానిటోరియంలు అవసరం లేదన్న దారికి మళ్లింది. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం లాంటి చోట్ల మంచం కోసం నెలల తరబడి ఎదురుచూసిన కాలం అది. ఆ పేదలు రోజూ మందు మింగారు. ఎలా మింగగలిగారు? ఇంటికి మనుషులు వెళ్లేవారు, అడిగేవారు, మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్షించేవారు. పేదవాడు మందు వేసుకోడు అన్న మాటకి అంతకంటే పెద్ద జవాబు నేను చూడలేదు.

ఛాతీ_డాక్టర్
మాస్టారూ, మద్రాసు పరిశోధన నాకూ తెలుసు. అది ట్రయల్. ప్రతి రోగి వెనకా ఒక బృందం ఉంది. నా ఓపీలో ఒక్కో రోగికి నాకు మూడు నిమిషాలు కూడా దొరకవు. మూత్రం రంగు మారుతుందని చెప్పాలని నాకు తెలుసు, చెప్తాను కూడా. వినిపించుకునే స్థితిలో వాళ్లుండరు. టీబీ అన్న మాట చెవిన పడ్డాక ఇంకేమీ ఎక్కదు.

గోదావరి_పిల్ల గారికి: మాత్రలు ముందురోజే విప్పి పెట్టకూడదు, గాలి, తేమ తగిలితే పాడవుతాయి. అయితే మీరు ఎందుకు అలా చేశారో చదివాక నాకు కోపం రాలేదు. చప్పుడు గురించి ఇన్నేళ్లలో నాకు ఏ రోగీ చెప్పలేదు.

స్టాట్స్_శ్రీను
ఇక్కడ ఒక విషయం గమనించండి. మాత్రలు లెక్కపెడితే గోదావరి_పిల్ల గారి స్ట్రిప్పులు ఖాళీ. అంటే "సరిగ్గా వాడింది". డబ్బాలో పెట్టినవి మింగారో లేదో లెక్క చెప్పదు. ఆవిడ మింగారు కాబట్టి సరిపోయింది. పెద్దాయన సగం స్ట్రిప్ చూపించాడు, కానీ ఆయన దగ్గర పాత స్ట్రిప్ ఇంకోటి ఉండి అది ముందు వాడుతుండొచ్చు. ఒక్క కొలతను నమ్మొద్దు. అడగడం, లెక్కపెట్టడం, ఇంకోటి ఏదైనా కలిపి చూడాలి.

హ్యూస్టన్_ఎంపీహెచ్
ఇక్కడ పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. రెండు విషయాలు.

మొదటిది, మీ సినాప్సిస్‌లో హెల్త్ బిలీఫ్ మోడల్ (జబ్బు గురించిన నమ్మకాలను బట్టి మనిషి ఏం చేస్తాడో చెప్పే సిద్ధాంతం) రాసి ఉంటారు, అందరూ రాస్తారు. అది పుట్టిందే టీబీ దగ్గర. 1950లలో అమెరికాలో ఎక్స్‌రే బండ్లు ఇంటి దగ్గరికే వచ్చి ఉచితంగా తీస్తామన్నా జనం రాలేదు. ఎందుకు రాలేదని అక్కడి పబ్లిక్ హెల్త్ సర్వీస్‌లో పనిచేసిన హాక్‌బామ్, రోసెన్‌స్టాక్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు వెతికారు. ఆ మోడల్ మనిషి నమ్మకాలను చూస్తుంది. మేస్త్రీ అడ్వాన్సు, బస్సు చార్జీ అందులో సరిగ్గా పట్టవు. పాలమూరు_బిడ్డ గారి చిన్నాన్నకి నమ్మకాల స్కోరు నిండుగా వస్తుంది, మందు మాత్రం ఆగిపోతుంది.

రెండోది, మందులు ఎంత క్రమంగా వాడుతున్నారో కొలిచే మోరిస్కీ ఎనిమిది ప్రశ్నల స్కేల్ వాడుతుంటే ముందు లైసెన్స్ చూసుకోండి. అనుమతి లేకుండా వాడి, తర్వాత పేపర్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు.

కమ్యూనిటీ_పీజీ
అయ్యో, నేను పెట్టింది అదే స్కేల్! సీనియర్ థీసిస్‌లో ఉంటే తీసుకున్నాను. గైడ్‌ని ఒప్పించడానికి ఇదే మంచి కారణం. థాంక్యూ.

శ్రీను గారూ, మూత్రం పరీక్ష మా దగ్గర సాధ్యమా?

స్టాట్స్_శ్రీను
రిఫాంపిసిన్ రంగు కంటితో చూడొచ్చు, కానీ మందు వేసుకున్న కొన్ని గంటల వరకే స్పష్టంగా ఉంటుంది, కాబట్టి నిన్నమొన్నటి సంగతి తెలియదు. ఇంకో టీబీ మందు ఐసోనియాజిడ్‌కి మూత్రం పరీక్ష ఉంది. 99డాట్స్ అని మిస్డ్ కాల్ పద్ధతి ఉండేది గుర్తుందా, మాత్ర తీస్తే కింద నంబర్ కనిపిస్తుంది, దానికి ఫోన్ చేయాలి. అది ఎంత నిజం చెప్తుందో చూడటానికి చెన్నై, వేలూరు, ముంబైలలో రోగుల ఇళ్లకి ముందు చెప్పకుండా వెళ్లి ఈ మూత్రం పరీక్షే చేశారు. ఫోన్ లెక్కకీ పరీక్షకీ బాగా తేడా వచ్చింది. మీరు చేయాలంటే కిట్, బడ్జెట్, ఎథిక్స్ కమిటీకి సవరణ, అన్నీ కావాలి. పీజీ థీసిస్‌కి టీబీ కార్యక్రమం కింద గ్రాంట్ ఉంటుంది, రాష్ట్ర ఆపరేషనల్ రీసెర్చ్ కమిటీకి దరఖాస్తు పెట్టండి.

మండలం_టీబీ
99డాట్స్ గురించి నేను చెప్తా. మా దగ్గర ఒక అవ్వ మనవడికి స్ట్రిప్ ఇచ్చి "కాల్ కొట్టు" అనేది. వాడు పొద్దున్నే అన్ని నంబర్లకీ వరసగా కొట్టి బడికి పోయేవాడు. కంప్యూటర్‌లో అవ్వ నంబర్ వన్ పేషెంట్.

ఆశా_కొడుకు
మా అమ్మ ఆశా. ఆమె చెప్పింది ఇక్కడ టైప్ చేస్తున్నా.

"మీరందరూ మాత్ర గురించే మాట్లాడుతున్నరు. మనిషి తిన్నడా లేదా అడగండి. పరగడుపున మూడు, నాలుగు గోలీలు మింగి, మధ్యాహ్నం దాక అన్నం లేకపోతే కడుపులో తిప్పదా? అట్ల తిప్పిన రోజు పనికి పోలేడు. అందుకే పని ఉన్న రోజు గోలీ మానేస్తడు, ఆదివారం వేసుకుంటడు."

అమ్మ ఒకామెను చూసి చెప్పింది ఇది. మిర్చి ఏరే కాలంలో ఆమె పొద్దున ఐదింటికి ట్రాలీ ఎక్కుతుంది. ట్రాలీలో వాంతి అయితే మిగతావాళ్లు ఏమంటారో అని భయం. అమ్మ ఏఎన్ఎంని అడిగి, డాక్టరు గారితో మాట్లాడి, రాత్రి పడుకునే ముందు వేసుకునేలా మార్పించింది. ఆ తర్వాత ఒక్క రోజు కూడా తప్పలేదు.

గోదావరి_పిల్ల
మీ అమ్మగారికి నా దండాలు. ఆ ఒక్క మార్పు నాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఛాతీ_డాక్టర్
వికారం ఎక్కువగా ఉంటే కొద్దిగా తిన్నాక ఇవ్వొచ్చు, వేళ మార్చొచ్చు. మానేయడం కంటే అది వెయ్యి రెట్లు నయం. కానీ రోగి సొంతంగా మార్చుకోకుండా, వికారంగా ఉందని మాకు చెప్పాలి. కళ్లు మసకబారినా, కళ్లు పచ్చబడినా, తిమ్మిర్లు వచ్చినా వెంటనే చెప్పాలి. ఇవి చదివే రోగులు ఎవరైనా ఉంటే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

కమ్యూనిటీ_పీజీ, మీ ప్రశ్నల్లో "ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పారు, వాళ్లు ఏం చేశారు" అని పెట్టండి. నిర్లక్ష్యం లేదని నేను ఇప్పటికీ అనను. తాగి మానేసేవాళ్లని రోజూ చూస్తున్నాను. కానీ ఈ ప్రశ్న నేనూ అడగడం లేదు.

పాలమూరు_బిడ్డ
తాగుడు సంగతి కూడా అడగండి, కానీ తిట్టినట్టు అడగొద్దు. "తాగుతావా" అంటే లేదంటరు. "కూలి ఇచ్చిన రోజు సాయంత్రం ఎట్ల గడుస్తది" అంటే అదే చెప్తరు. తాగిన రోజు మందు వేసుకోవద్దని ఊర్ల ఎవరో చెప్పిండ్రు, అందుకే ఆ రోజు మానేస్తరు.

మందులషాపు_రాజు
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. టీబీ రోగులకి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే పోషణ్ డబ్బులు 2018లో నెలకి 500తో మొదలయ్యాయి, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. మంచిదే. కానీ ఖాతా లేనివాళ్లకి, ఆధార్‌తో కలవని ఖాతా ఉన్నవాళ్లకి సమయానికి పడవు. పడిందో లేదో కూడా వాళ్లకి తెలియదు.

మండలం_టీబీ
అవును. డబ్బు పడకపోతే నన్ను అడుగుతారు, నా చేతిలో ఏముంది? ఇంకోటి, 2024 మొదట్లో మందుల కొరత వచ్చి, రాష్ట్రాలు సొంతంగా కొనుక్కోవచ్చని కేంద్రమే చెప్పాల్సి వచ్చింది. అలాంటప్పుడు నెల మందులు ఇవ్వాల్సిన చోట వారం మందులిచ్చి మళ్లీ రమ్మంటే, రోగి ప్రతి వారం కూలి వదులుకోవాలి. రానోడిని మనం ఏమని రాస్తాం? కాబట్టి డాక్టరమ్మా, మీ ఫారంలో "మందు దొరకలేదు" అని ఒక గడి పెట్టండి. నేను చూసిన ఏ థీసిస్ ఫారంలోనూ ఆ గడి లేదు.

రిటైర్డ్_మాస్టారు
ఈ గడి ఒక్కటి పెట్టినా మీ థీసిస్ పది థీసిస్‌ల మీద నిలుస్తుందమ్మా. ప్రశ్నావళికి ముందు ఒక పది, పదిహేను మందితో తీరికగా మాట్లాడండి. కాగితం మడిచి పక్కన పెట్టి, "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారు" అని మొదలుపెట్టండి. మాత్రల ఊసు వాళ్లే ఎత్తేదాకా ఆగండి. ప్రశ్నలు అక్కడి నుంచి తయారవుతాయి.

కమ్యూనిటీ_పీజీ
ఇవాళ గైడ్ దగ్గర కూర్చున్నాను. స్కేల్ లైసెన్స్ సంగతి చెప్పగానే ఆయనే దిగొచ్చారు. ఓపీ శాంపిల్ విషయంలో కొంచెం వాదన జరిగింది. "ఇంటింటికీ తిరిగితే ఏడాది చాలదు" అన్నారు. చివరికి ఒకే టీబీ యూనిట్ పరిధి తీసుకుని, జాబితాలో ఉన్న అందరినీ వెతికేలా ఒప్పుకున్నారు. సగం మాటలు, సగం లెక్కలు. ఎథిక్స్ కమిటీకి సవరణ రాస్తున్నాను.

కొత్తగా పెట్టినవి ఇవి: నిన్న మాత్రలు ఎక్కడ ఉండగా వేసుకున్నారు, పక్కన ఎవరున్నారు, అంతకుముందు ఏమైనా తిన్నారా, ఇంట్లో ఎవరెవరికి తెలుసు, మందు కోసం వెళ్లి ఖాళీ చేతులతో వచ్చారా, ఊరు వదిలి పనికి వెళ్లాల్సి వస్తే ఎవరికి చెప్తారు, ఇబ్బంది చెప్పినప్పుడు అవతలివాళ్లు ఏం చేశారు. పెద్దాయన మళ్లీ ఓపీకి వస్తే ముందు ఆయన్నే అడుగుతాను.

ఒక సందేహం. ఇంట్లో ఎవరికీ తెలియనివాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు సమ్మతి పత్రం మీద టీబీ అని ఉంటుంది కదా, సంతకం ఎలా తీసుకోవాలి? పత్రం కాపీ కూడా వాళ్లకి ఇవ్వాలి.

గోదావరి_పిల్ల
ఆ కాపీ నాకు ఇచ్చి ఉంటే ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు. ఇంటికి రావొద్దు. ముందు ఫోన్ చేసి, ఎక్కడ కలుద్దామో వాళ్లనే చెప్పమనండి. నేనైతే ఆఫీసు దగ్గర టీ కొట్టుకి రమ్మనేదాన్ని.

హ్యూస్టన్_ఎంపీహెచ్
కాపీ వద్దనే హక్కు వాళ్లకి ఉందని సవరణలోనే రాయండి. కమిటీ ఒప్పుకుంటే ఆ కాపీని కాలేజీలో తాళం వేసి ఉంచి, అడిగినప్పుడు ఇవ్వొచ్చు. పత్రం పైన పెద్ద అక్షరాల్లో జబ్బు పేరు పెట్టకుండా, లోపల వివరంలో ఉంచే పద్ధతి కూడా అడిగి చూడండి.

మండలం_టీబీ
ఫోన్ కూడా మీరు చేయకండి డాక్టరమ్మా, కొత్త నంబర్ అయితే ఎత్తరు, ఎత్తినా ఎవరు ఎత్తుతారో తెలియదు. ఆశా అడగనీయండి. నెల మొదటి వారం మాకు రిపోర్టుల పని, ఆ తర్వాత ఏ రోజైనా యూనిట్‌కి రండి. అనుమతి కాగితం తెస్తే జాబితా ముందు పెట్టుకుని, ఎవరి దగ్గరికి ఏ వేళకి పోవాలో ఆశాలను కూర్చోబెట్టి రాసుకుందాం. మిర్చి కోతలు మొదలైతే సగం మంది ఊర్లో ఉండరు, అంతకుముందే రండి.